బ్యాంక్‌రోల్ మేనేజ్‌మెంట్ నేర్చుకుంటే బెట్టింగ్ మీద బతకొచ్చా? ఓరుగల్లు కోడిపందెం నుంచి ఫోన్ యాప్ దాకా

కొన్ని వారాలుగా కామెంట్స్‌లో, మెసేజ్‌లలో ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. జనగామ నుంచి వస్తోంది, మహబూబాబాద్ నుంచి వస్తోంది, భూపాలపల్లి నుంచి వస్తోంది. మాటలు వేరు గానీ విషయం ఒకటే. "అన్నా, గుడ్డిగా ఆడేటోళ్లే మునుగుతరు. బ్యాంక్‌రోల్ మేనేజ్‌మెంట్ నేర్చుకుని పద్ధతిగా ఆడితే, క్రికెట్ బెట్టింగ్ మీద నెలకు ఇరవై వేలు రావా?"

ఇది పిచ్చి ప్రశ్నేం కాదు. అడిగేవాళ్లలో డిగ్రీ చదివినోళ్లున్నారు, బీటెక్ చేసినోళ్లున్నారు. ఉద్యోగం లేదు, చేతిలో ఫోన్ ఉంది, క్రికెట్ బాగా తెలుసు. "తప్పు తమ్మీ, ఆడకు" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోతే వాళ్లకి జవాబు దొరకదు. ప్రశ్న లెక్కకి సంబంధించింది. కాబట్టి జవాబు కూడా లెక్కతోనే చెప్పాలి. ఆ లెక్కకి పెద్ద చరిత్రే ఉంది. అందులో మన ఓరుగల్లు ఉంది, మలక్‌పేట ఉంది, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు ఉంది, అమెరికాలో ఒక టెలిఫోన్ కంపెనీ ల్యాబ్ కూడా ఉంది.

ముందు మాట అర్థం. బ్యాంక్‌రోల్ అంటే పందేల కోసమే పక్కన పెట్టిన మొత్తం సొమ్ము. అందులో ఒక్కో పందేనికి ఎంత శాతం పెట్టాలి, ఎప్పుడు ఆపాలి అని ముందే గీత గీసుకోవడం మేనేజ్‌మెంట్. వినడానికి మస్తు బాగుంటుంది. పని చేస్తుందా లేదా, అదే ఇవాళ్టి ఎపిసోడ్.

ఓరుగల్లు వీధిలో

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ మూడూ పాత వరంగల్ జిల్లాలోనివే. ఆ వరంగల్ మీద, అంటే ఓరుగల్లు మీద, సుమారు 600 ఏళ్ల కిందటి తెలుగు పుస్తకం ఒకటుంది. పేరు క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది. రాసింది శ్రీనాథుడే అని వాదించే పండితులూ ఉన్నారు, అది వేరే ఎపిసోడ్. కథ సింపుల్. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు దోస్తులు. వాళ్లు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ ఊరంతా చూస్తారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే సిటీ వ్లాగ్. ఆ వ్లాగ్‌లో పొట్టేళ్ల కొట్లాట ఉంది, కోడిపందెం ఉంది. అంటే మన ఏరియాలో ఆట చూడటం, దాని మీద పందెం కాయడం ఫోన్‌తో వచ్చిన అలవాటు కాదు.

ఇంకా వెనక్కి పోతే పల్నాడు. 12వ శతాబ్దం నాటి పల్నాటి వీరుల కథలో నాయకురాలు నాగమ్మ కోడికీ, బ్రహ్మనాయుడి కోడికీ పందెం. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలి. బ్రహ్మనాయుడి వైపు ఓడింది, మాచర్ల వాళ్లు వలస పోయారు, చివరికి అది కారంపూడి యుద్ధం దాకా వెళ్లింది. బ్యాంక్‌రోల్ భాషలో చూస్తే, ఉన్నదంతా ఒకే పందెం మీద పెట్టారు. ఈ రోజు దీన్నే "ఆల్ ఇన్" అంటున్నారు.

ఇక భారతం. ధర్మరాజు జూదం మనందరికీ తెలుసు. సంపద పోయింది, రాజ్యం పోయింది, తమ్ముళ్లు పోయారు, తాను పోయాడు, ద్రౌపదిని పెట్టాడు. ప్రతి పందెం వెనకాలా ఒకటే ఆలోచన. ఇది గెలిస్తే పోయిందంతా వస్తుంది. ఇంకా ముఖ్యమైన విషయం, చాలామంది మర్చిపోయేది, తర్వాత జరిగింది. పోయిందంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. అయినా పిలవగానే మళ్లీ వెళ్లి ఆడాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో వచ్చినవి.

ధర్మరాజుకి బ్యాంక్‌రోల్ మేనేజ్‌మెంట్ తెలిసి ఉంటే గెలిచేవాడా? గెలిచేవాడు కాదు. ఎదురుగా శకుని ఉన్నాడు, పాచికలు శకునివి. ఒక్కో పందేనికి రాజ్యంలో రెండు శాతమే పెట్టి ఉంటే, రాజ్యం ఒక్క పూటలో కాకుండా కొన్ని నెలల్లో పోయేది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో దీని లెక్క చేద్దాం.

అదే భారతంలో, అరణ్యపర్వంలో, దీనికి పూర్తిగా రివర్స్ కథ ఉంది. నలుడు. జూదంలో రాజ్యం పోగొట్టుకుని, పేరు మార్చుకుని ఋతుపర్ణుడనే రాజు దగ్గర సారథిగా చేరాడు. ఒకసారి రథంలో పోతుంటే ఋతుపర్ణుడు దారిలో ఒక చెట్టుని చూసి ఆకులెన్నో, కాయలెన్నో చెప్పేశాడు. నలుడు నమ్మలేదు, దిగి లెక్కబెట్టాడు. సరిపోయింది. అప్పుడు నలుడు తనకి తెలిసిన గుర్రాల విద్య ఇచ్చి, ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం, అంటే పాచికల లెక్క నేర్చుకున్నాడు. తర్వాత వెళ్లి రాజ్యం గెలిచాడు. ఆ చెట్టు ఏంటంటే తాని చెట్టు. త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ. పాతకాలంలో ఆ కాయలనే పాచికలుగా వాడేవాళ్లు.

చూడండి, నలుడు పందెం సైజు తగ్గించుకోవడం నేర్చుకోలేదు. ఎదుటివాడికి తెలియనిది ఒకటి నేర్చుకున్నాడు. ఇంగ్లీష్‌లో దాన్నే "ఎడ్జ్" అంటారు.

మలక్‌పేట, మట్కా, సికింద్రాబాద్ క్లబ్బు

నిజాం కాలానికి వద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, 1886లో, గుర్రప్పందేలు మలక్‌పేటకి మారాయి. ఆ రేస్ కోర్సు ఇప్పటికీ ఉంది. అక్కడ టోట్ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడండి. అందరి పందేలూ ఒక కుండలో పడతాయి. క్లబ్బు కమీషన్, సర్కారు పన్ను ముందే పక్కకి తీస్తారు. మిగిలింది గెలిచినవాళ్లకి పంచుతారు. అంటే గుర్రం పరుగు మొదలుపెట్టక ముందే పందెం కాసేవాళ్లందరూ కలిపి కొంత ఓడిపోయి ఉంటారు. ఏ గుర్రం గెలిచినా క్లబ్బు నష్టపోదు.

మట్కా కూడా అంతే. 1960ల బొంబాయిలో న్యూయార్క్ కాటన్ ఎక్స్చేంజ్ రేట్ల మీద పందేలు కాసేవాళ్లు. ఆ రేట్లు రావడం ఆగిపోయాక కుండలో చీటీలు వేసి నంబర్ తీయడం మొదలైంది. హిందీలో మట్కా అంటే కుండే. రతన్ ఖత్రీ లాంటివాళ్లు దాన్ని దేశమంతా నడిపారు. అందులో మామూలుగా పది అంకెల్లో ఒకటి తగిలితే తొమ్మిది రెట్లు ఇస్తారు. పది మంది పది అంకెల మీద తలా రూపాయి వేస్తే పది రూపాయలు వస్తాయి, తొమ్మిది వెళ్తాయి. ఒక రూపాయి నిర్వాహకుడిది. ప్రతి రౌండ్‌లో, ప్రతి రోజూ.

మన దగ్గర చట్టం ఏం చెప్పింది? నిజాం రాజ్యంలోనే ఫసలీ 1305లో, అంటే సుమారు 1895-96లో, హైదరాబాద్ గ్యాంబ్లింగ్ యాక్ట్ వచ్చింది. ఆ చట్టం కిందే 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ రమ్మీ ఆడుతున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ. 1967 నవంబర్‌లో తీర్పు వచ్చింది. రమ్మీలో ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని కోర్టు చెప్పింది. యాభై ఏళ్ల తర్వాత ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీలు "ఇది స్కిల్ గేమ్" అని వాదించాయి కదా, ఆ వాదనకి పునాదిరాళ్లలో ఒకటి మన సికింద్రాబాద్ కేసు.

కానీ ఒక తేడా చూడండి. ఆటలో నైపుణ్యం ఉండటం వేరు, ఆ నైపుణ్యం నీకు మిగతావాళ్లకంటే ఎక్కువ ఉండటం వేరు, ఆ ఎక్కువ కమీషన్‌ని మించి ఉండటం ఇంకా వేరు. కోర్టు చెప్పింది మొదటిదాని గురించే. బతుకుతెరువుకి కావాల్సింది మూడోది.

టెలిఫోన్ ల్యాబ్‌లో పుట్టిన ఫార్ములా

ఇప్పుడు అసలు బ్యాంక్‌రోల్ లెక్క. 1650లలో ఫ్రాన్స్‌లో పాస్కల్, ఫెర్మా, వాళ్ల తర్వాత హాలండ్‌లో హైగెన్స్, జూదం ప్రశ్నలతోనే సంభావ్యత శాస్త్రాన్ని మొదలుపెట్టారు. మనం ఇంటర్‌లో చదివిన ప్రాబబిలిటీ అదే. అప్పుడే తేలిన ఒక విషయం. ఆట పూర్తిగా నిజాయితీగా ఉన్నా, ఒకడి దగ్గర పదివేలు, ఇంకొకడి దగ్గర కోటి ఉండి, ఒకడు ఖాళీ అయ్యేదాకా సమాన పందేలతో ఆడితే, పదివేల వాడు చివరికి గెలిచే అవకాశం వెయ్యిలో ఒకటే. ఇది మోసం లేకుండా, కమీషన్ లేకుండా.

ఇక 1956కి వద్దాం. అమెరికాలో బెల్ ల్యాబ్స్. జాన్ కెల్లీ అనే శాస్త్రవేత్త ఒక పేపర్ రాశాడు. ఒక్కో పందేనికి చేతిలో ఉన్న సొమ్ములో ఎంత శాతం పెడితే డబ్బు అన్నిటికన్నా వేగంగా పెరుగుతుంది, ఇదీ ప్రశ్న. దీన్నే కెల్లీ ఫార్ములా అంటారు. ఇప్పుడు యూట్యూబ్‌లో, టెలిగ్రామ్‌లో "ఒక పందేనికి రెండు శాతం మించకు" అని చెప్పే రూల్స్‌కి తాత ఇదే.

మీకు ఎవరూ చెప్పని విషయం ఏందంటే, ఆ పేపర్ మొదలయ్యేదే ఒక వైర్‌తో. కెల్లీ ఊహించిన జూదగాడికి ఒక ప్రైవేట్ టెలిఫోన్ లైన్ ఉంది. ఆట ఫలితం లోకానికి తెలియకముందే ఆ వైర్ మీద అతనికి వస్తుంది. వైర్‌లో కొంచెం గోల ఉంటుంది, ఒక్కోసారి తప్పు వినపడుతుంది. అందుకే ఉన్నదంతా పెట్టకూడదు, ఎంత పెట్టాలో లెక్క కావాలి. ఫార్ములా ఆ లెక్క. వైర్ లేనివాడి గురించి ఫార్ములా ఏం చెప్తుందో కాసేపట్లో చూద్దాం.

ఈ ఫార్ములాతో నిజంగా డబ్బు చేసినవాళ్లు ఉన్నారు, దాచిపెట్టను. ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితం ప్రొఫెసర్, పేకాటలో బ్లాక్‌జాక్ అనే ఆటని లెక్కగట్టి 1962లో "బీట్ ద డీలర్" పుస్తకం రాశాడు. అయిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకుంటే మిగిలినవాటి మీద అంచనా వస్తుంది. అది అతని వైర్. క్యాసినోలు ఏం చేశాయి? ఎక్కువ కట్టలు కలిపి ఆడించాయి, లెక్కబెట్టేవాళ్లని బయటికి పంపాయి.

బిల్ బెంటర్. 1980ల మధ్యలో అలన్ వుడ్స్‌తో కలిసి హాంకాంగ్ గుర్రప్పందేలకి వెళ్లాడు. ప్రతి గుర్రం పాత రికార్డులు కంప్యూటర్‌లో ఎక్కించి, మోడల్ రాశాడు. మొదట్లో పెట్టుబడిలో ఎక్కువ భాగం పోయింది. ఏళ్ల తరబడి డేటా, మనుషులు, ప్రోగ్రామ్ సరిచేసుకుంటూ పోతే తర్వాత గెలిచాడు. 1994లో తన పద్ధతి మీద పేపర్ కూడా రాశాడు. ఇంగ్లాండ్‌లో టోనీ బ్లూమ్, మాథ్యూ బెన్హమ్ ఫుట్‌బాల్ బెట్టింగ్ డేటా కంపెనీలు పెట్టారు. ఒకాయన బ్రైటన్ క్లబ్బుకి ఛైర్మన్, ఇంకొకాయన బ్రెంట్‌ఫర్డ్ క్లబ్బు ఓనర్ అయ్యాడు.

వీళ్లందరిలో కామన్ ఏంటో చూడండి. ఒక్కడు బెడ్ మీద పడుకుని ఫోన్‌లో ఆడినోడు లేడు. ఆఫీసులున్నాయి, జీతాలిచ్చే ఉద్యోగులున్నారు, డేటా ఉంది, గెలిస్తే డబ్బు చేతికొచ్చే చట్టబద్ధమైన మార్కెట్ ఉంది. సూటిగా చెప్పాలంటే అది సాఫ్ట్‌వేర్ కంపెనీ నడపడం. ఇవన్నీ ఉన్నా, బుక్‌మేకర్లు గెలిచేవాళ్ల అకౌంట్లకి లిమిట్ పెట్టేస్తారు. వందల కోట్ల కంపెనీ నీ ఐదొందల పందెం తీసుకుంటోందంటే, నువ్వు ఓడేవాడివని వాళ్ల లెక్కలో తేలిందని అర్థం.

క్రికెట్‌లో వైర్ ఎవరి దగ్గర ఉంది?

"అన్నా, నాకు క్రికెట్ బాగా తెలుసు" అంటారు. నమ్ముతాను. కానీ పిచ్ రిపోర్ట్, టాస్, ఫామ్, ఇవన్నీ నీకు తెలిసే టైముకి రేటులో కలిసిపోయి ఉంటాయి. అందరికీ తెలిసింది వైర్ కాదు.

అసలు వైర్ కోసం బుకీలు ఎంత దూరం పోతారో 2000లో లోకం చూసింది. ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే ఫోన్ సంభాషణలు బయటపెట్టారు. తర్వాత విచారణలో అతను బుకీల దగ్గర డబ్బు తీసుకున్నట్టు ఒప్పుకున్నాడు. అదే ఏడాది డిసెంబర్‌లో మన హైదరాబాద్ మహమ్మద్ అజారుద్దీన్ మీద బీసీసీఐ జీవితకాల నిషేధం పెట్టింది. 2012 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు ఇచ్చింది. ఎవరిది తప్పు అనే చర్చ పక్కన పెట్టండి. పాఠం ఏంటంటే, పెద్ద బుకీ ఒక కెప్టెన్‌కే డబ్బులిచ్చి సమాచారం కొనడానికి రెడీగా ఉన్న మార్కెట్ అది. అందులో నువ్వు నేను స్కోర్‌కార్డ్ చూసి పోటీకి దిగుతున్నాం.

లైవ్ బెట్టింగ్ అయితే మరీ ఘోరం. నీ ఫోన్‌లో లైవ్ స్ట్రీమ్ గ్రౌండ్ కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. వికెట్ పడిన సంగతి రేటు పెట్టేవాడికి ముందే తెలుసు, నీ స్క్రీన్ మీద బౌలర్ ఇంకా రనప్‌లో ఉంటాడు. అంటే కెల్లీ చెప్పిన వైర్ ఉంది. కాకపోతే అది అవతలివాడి చేతిలో ఉంది.

మరి టెలిగ్రామ్ టిప్‌స్టర్లు? "వరసగా ఐదు కరెక్ట్ చెప్పాడు అన్నా" అంటారు. ఇది పాత ట్రిక్. 1,600 మందికి మెసేజ్ పెడతాడు. సగం మందికి ఫలానా టీమ్ గెలుస్తుందని, మిగతా సగానికి ఎదుటి టీమ్ అని. మ్యాచ్ అయ్యాక కరెక్ట్ వచ్చిన 800 మందికే మళ్లీ పంపుతాడు. తర్వాత 400, 200, 100, 50. ఐదు మ్యాచ్‌ల తర్వాత 50 మంది దృష్టిలో వాడు దేవుడు. ఆ 50 మంది దగ్గర ఫీజు తీసుకుంటాడు. ఇంకో ఆదాయం కూడా ఉంది. యాప్‌లో నిన్ను చేర్పిస్తే కమీషన్. చాలా చోట్ల ఆ కమీషన్ నువ్వు పోగొట్టుకున్న సొమ్ములో వాటా. నువ్వు ఓడితేనే వాడికి లాభం, అలాంటోడు నీకు గెలిచే టిప్ ఎందుకు ఇస్తాడు?

ఇప్పుడు మన లెక్క

పేపర్ తీసుకోండి. యాప్‌లో రెండు టీమ్‌లకీ 1.90 రేటు ఉందనుకుందాం. వంద పెట్టి గెలిస్తే 190 వస్తుంది, అంటే లాభం 90. ఓడితే వంద పోతుంది. ఈ రేటు మీద లాభం లేకుండా నష్టం లేకుండా ఉండాలంటేనే 52.63 శాతం గెలవాలి.

మీరు సగం గెలుస్తున్నారనుకుందాం. బ్యాంక్‌రోల్ 10,000. రూల్ ప్రకారం ప్రతి పందెం 200 మాత్రమే. రోజుకి ఐదు, ఐపీఎల్ రెండు నెలలు. మొత్తం 300 పందేలు, తిప్పిన సొమ్ము 60,000. ప్రతి వందకీ సగటు నష్టం ఐదు రూపాయలు. సీజన్ అయ్యేసరికి మూడు వేలు పోయి ఏడు వేలు మిగులుతాయి. మేనేజ్‌మెంట్ పక్కాగా పాటించావు, ఒక్క రోజు కూడా తప్పలేదు, అయినా పోయింది. ధర్మరాజు రెండు శాతం లెక్క ఇదే. బ్యాంక్‌రోల్ మేనేజ్‌మెంట్ బ్రేక్ లాంటిది. బండి లోయ వైపు పోతుంటే మెల్లగా పోయేలా చేస్తుంది, దారి మాత్రం మార్చదు.

ఇదే పందేనికి కెల్లీ ఫార్ములా వేయండి. వందకి వచ్చే సగటు లాభాన్ని గెలిస్తే వచ్చే లాభంతో భాగించాలి. మైనస్ 5 బై 90. జవాబు మైనస్‌లో వచ్చింది. మైనస్ అంటే పందెం సైజు సున్నా, వేయొద్దు అని. బెట్టింగ్ గురువులు పేరు చెప్పుకునే ఫార్ములానే "ఆడకు" అంటోంది.

డబుల్ చేసే పద్ధతి? ఓడితే రెట్టింపు పెట్టు, ఒక్కసారి గెలిస్తే అంతా వస్తుంది అంటారు. 1.90 రేటుకి చేసి చూడండి. 100, 200, 400, 800 వరసగా పోయాయి, మొత్తం 1,500. ఐదోసారి 1,600 పెట్టి గెలిచావు, లాభం 1,440. గెలిచాక కూడా 60 రూపాయలు నష్టం! ఇక వరసగా ఆరు ఓడితే 6,300 పోతుంది, ఏడోసారి 6,400 కావాలి, పదివేలలో అంత మిగల్లేదు. వరసగా ఆరు ఓడటం అరుదు అనుకుంటారు. బొమ్మా బొరుసు ఆటలో సగటున 126 పందేలకి ఒకసారి వస్తుంది.

సరే, మీరు నిజంగానే తోపు, వందకి 55 గెలుస్తారనుకుందాం. వందకి సగటు లాభం నాలుగున్నర రూపాయలు. నెలకి 20,000 రావాలంటే నెలకి దాదాపు నాలుగు లక్షల నలభై వేలు తిప్పాలి. నెలకి వంద పందేలు అంటే ఒక్కోటి 4,400 పైన. ఒక్కో పందెం రెండు శాతం దాటకూడదంటే బ్యాంక్‌రోల్ రెండు లక్షల ఇరవై వేలు ఉండాలి. అంత చేతిలో ఉన్నోడు ఈ ప్రశ్న అడగడు, అప్పు తెచ్చినోడు అడుగుతాడు. అప్పుకి వడ్డీ వేరే.

ఇంకా అసలు సమస్య, ఆ 55 శాతం నిజమా, అదృష్టమా? తేల్చుకోవాలంటే స్టాటిస్టిక్స్ ప్రకారం దాదాపు 1,800 పందేల రికార్డు కావాలి. ఐపీఎల్ సీజన్‌లో 74 మ్యాచ్‌లు. మ్యాచ్‌కి ఒకటి చొప్పున వేస్తే 24 సీజన్లు పడుతుంది. ఐపీఎల్ మొదలైందే 2008లో. 2025 సీజన్‌తో అయినవి 18. అంటే "ఐపీఎల్‌లో నా స్ట్రాటజీ ప్రూవ్ అయింది" అని చెప్పేవాడికి ప్రూవ్ చేసుకునేంత టైమ్ ఇంకా గడవలేదు.

చట్టం ఎక్కడ నిలబడింది

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, ఆ ఏడాదే 1974 నాటి గేమింగ్ యాక్ట్‌ని సవరించింది. ఆన్‌లైన్‌ని చట్టంలోకి తెచ్చింది, స్కిల్ గేమ్ అనే మినహాయింపు తీసేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా ఆ దారిలోనే వెళ్లింది. 2023లో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ గెలుపు మీద 30 శాతం ఆదాయపు పన్ను, అక్టోబర్ నుంచి 28 శాతం జీఎస్టీ పెట్టింది. నాలుగున్నర శాతం లాభం కోసం పాకులాడేవాడికి ఈ పన్నుల తర్వాత ఏం మిగులుతుందో మీరే చెప్పండి.

2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లు ప్రమోట్ చేసినవాళ్ల మీద హైదరాబాద్‌లో కేసులు పడ్డాయి, తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది. ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది, 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, యాభై లక్షల దాకా. డ్రీమ్ ఎలెవన్ లాంటి పెద్ద కంపెనీలే డబ్బు కాంటెస్టులు ఆపేశాయి.

మరి ఇంకా నడుస్తున్నవి ఏంటి? విదేశాల్లో కూర్చుని నడిపే యాప్‌లు. నువ్వు గెలిచినా "విత్‌డ్రా పెండింగ్" అంటే ఏ పోలీస్ స్టేషన్‌కి పోతావు? ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ యాప్‌లకి డబ్బు తిప్పడానికి ఇక్కడి బ్యాంక్ అకౌంట్లు కావాలి. "నీ అకౌంట్, సిమ్ ఇవ్వు, నెలకి కొంత ఇస్తాం" అని ఊళ్లల్లో పిల్లల్ని అడుగుతారు. ఆ అకౌంట్‌లో ఎవరి డబ్బు తిరిగినా కేసు పేరున్నవాడి మీద పడుతుంది. ఇవ్వకండి, అస్సలు ఇవ్వకండి.

పత్తి కూడా జూదమే కదా అన్నా?

ఈ మాట మహబూబాబాద్ తమ్ముడు ఒకడు రాశాడు. "మా నాయిన మిర్చి పెట్టిండు, పత్తి పెట్టిండు, వాన మీద, రేటు మీద పందెం కాసినట్టే. మరి నేను కాస్తే తప్పేంది?" అని. మంచి ప్రశ్న. వాన మీద ఆధారపడటం, మార్కెట్ రేటు మీద ఆధారపడటం నిజంగానే రిస్క్. పాత వరంగల్ జిల్లా పత్తి రైతులు 1997-98లో ఎంత దెబ్బతిన్నారో ఇక్కడ అందరికీ తెలుసు, ఎందరో ప్రాణాలే తీసుకున్నారు.

కానీ తేడా ఒకటుంది. గింజ వేస్తే భూమి ఇంకో పది గింజలు ఇస్తుంది. లోకంలో కొత్తగా ఏదో పుడుతుంది, దాన్ని ఎవరో కొంటారు. అందుకే మంచి ఏడాది రైతూ, వ్యాపారీ, కూలీ ముగ్గురూ సంపాదించగలరు. పందెంలో కొత్తగా ఏదీ పుట్టదు. అందరూ వేసిన సొమ్ములో కమీషన్ పోగా మిగిలిందే మళ్లీ అందరికీ. వెయ్యి మంది పద్ధతిగా ఆడినా, వెయ్యి మందినీ కలిపి చూస్తే నష్టమే. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు గనిలోంచి బొగ్గు తీస్తాడు, దసరాకి లాభాల వాటా వస్తుంది. ఆ వాటా ఒక్క రాత్రిలో యాప్‌లోకి పోతే, బొగ్గు తవ్విన కష్టం ఎవడో సర్వర్ పెట్టుకున్నవాడికి లాభంగా మారుతుంది.

కాబట్టి జవాబు ఇదీ. బెట్టింగ్ మీద బతికినవాళ్లు చరిత్రలో ఉన్నారు. ఎక్కువమంది పందెం నడిపించినవాళ్లు. అతి కొద్దిమంది వైర్ ఉన్నవాళ్లు. బ్యాంక్‌రోల్ మేనేజ్‌మెంట్ ఒక్కదానితో బతికినవాడు ఒక్కడు కూడా నాకు ఈ చరిత్రలో కనపడలేదు. ఆ లెక్కలు చేయడం నచ్చిందా? ప్రాబబిలిటీ, డేటా, పైథాన్ నేర్చుకోండి. బెంటర్ చేసిన పనికి ఇవాళ జీతమిచ్చే ఉద్యోగాలున్నాయి, సొంత పైసలు పెట్టక్కర్లేదు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకి రెండు మాటలు. పోయింది రాబట్టుకోవడానికి ఇంకో పందెం వేయకండి, ధర్మరాజు రెండో ఆట గుర్తు తెచ్చుకోండి. ఎంత పోయిందో, ఎవరికి ఎంత అప్పుందో కాగితం మీద రాసి ఇంట్లో ఒక్కరికైనా చూపించండి. తిడతారు, ఆ తర్వాత పక్కన నిలబడతారు. మోసం జరిగితే సైబర్ క్రైమ్ నంబర్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. మనసు బాగోలేకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, టెలీమానస్ నంబర్ 14416. ఏ టైమ్‌కైనా చేయొచ్చు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

ఈ లెక్కల్లో ఎక్కడైనా తేడా కనిపిస్తే కామెంట్‌లో పెట్టండి, కూర్చుని మళ్లీ చేద్దాం. వీడియో అవసరమైన దోస్తు ఎవరో మీకు ఇప్పటికే గుర్తొచ్చి ఉంటారు, వాళ్లకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.